నర్సు చేతికి అధికారం ఇవ్వండి, ఆ తర్వాత లెక్క అడగండి

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ ఆసుపత్రుల పనితీరు మీద చర్చ ఎప్పుడు వచ్చినా హాజరు దగ్గర మొదలై హాజరు దగ్గరే ఆగిపోతోంది. డాక్టర్ ఎన్నింటికి వచ్చారు, ముఖ గుర్తింపు యాప్‌లో ఎంతమంది నమోదయ్యారు, ఎంతమందికి మెమోలు వెళ్లాయి అన్నదే వార్త. రాత్రి రెండింటికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కాన్పయిన తల్లికి నెత్తురు ఆగకపోతే డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సు తనంతట తాను ఏ మందు ఇవ్వవచ్చు, ఆ మందు ఏ బీరువాలో ఉంది, బీరువా తాళం ఎవరి దగ్గరుంది, 108కు ఫోన్ చేసేముందు ఎవరిని అడగాలి అని ఆరా తీసే సమీక్షా సమావేశం మాత్రం అరుదు. కింది ఉద్యోగికి అధికారం ఇస్తే పర్యవేక్షణ పట్టు తప్పుతుందన్న భయం ఆరోగ్య శాఖలో పాతుకుపోయింది. నిజానికి ఆ అధికారం లేకపోవడం వల్లే మన పర్యవేక్షణ రిజిస్టర్లకు పరిమితమైంది. ఎవరేం చేశారో నిమిషాల్లో తేలిపోయే చోటు ప్రసూతి గది. అందుకే దాన్నే తీసుకుని ఈ లేఖ రాస్తున్నాను.

హాజరును పట్టించుకోవద్దని నా ఉద్దేశం కాదు. 2003లో ముందుగా చెప్పకుండా వెళ్లి చేసిన సర్వేలో మన దేశంలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల సిబ్బందిలో 40 శాతం మంది విధుల్లో కనిపించలేదు. రోగి వచ్చి తలుపు తట్టి వెనుదిరగడం చిన్న విషయం కాదు. అయితే హాజరు ఒక్కదాన్నే బిగిస్తే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాలో 2006లో సేవా మందిర్ అనే స్వచ్ఛంద సంస్థ, జిల్లా యంత్రాంగం కలిసి ఉపకేంద్రాల ఏఎన్‌ఎంల హాజరును తేదీ, సమయం ముద్రించే యంత్రాలతో నమోదు చేయించాయి. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్ దాని ఫలితాన్ని అధ్యయనం చేశారు. మొదటి నెలల్లో హాజరు గణనీయంగా పెరిగింది. 16 నెలలు గడిచేసరికి యంత్రం పెట్టిన కేంద్రాలకూ పెట్టని వాటికీ తేడా లేకుండా పోయింది. మధ్యలో జరిగింది ఏమిటంటే, స్థానిక ఆరోగ్య అధికారులు ‘మినహాయింపు రోజులు’ మంజూరు చేస్తూ పోయారు. మీటింగ్ అని, సర్వే అని, మరో డ్యూటీ అని రాస్తే ఆ రోజు గైర్హాజరు లెక్కలోకి రాదు. కర్ణాటకలో 322 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 140 చోట్ల వేలిముద్ర యంత్రాలు పెట్టి పరిశీలించినప్పుడు నర్సులు, ఫార్మసిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్ల హాజరు పెరిగింది, డాక్టర్ల హాజరు పెరగలేదు. అంటే యంత్రం చూసే చూపు పై మెట్టు మీద ఉన్నవాళ్లదాకా వెళ్లలేదు, కింది మెట్టు దగ్గరే ఆగింది.

ఇక ప్రసూతి గదిలోకి వద్దాం. 24 గంటలు కాన్పులు చేసే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ముగ్గురు స్టాఫ్ నర్సులు ఉన్నారనుకోండి. రోజుకు మూడు షిఫ్టులు, వారానికి 21. ఒక్కొక్కరు వారాంతపు సెలవు పోను ఆరు షిఫ్టులు చేస్తే 18. ఒక్కరు కూడా సెలవు పెట్టకపోయినా వారానికి మూడు షిఫ్టులు ఎవరో ఒకరు వరుసగా లాగాల్సిందే. పైగా ప్రతి షిఫ్టులో ఆ గదిలో ఉండేది ఒక్కరే. ఇలాంటి చోట పార్టోగ్రాఫ్ సరిగా లేదని మెమో ఇవ్వడం ఎంత సులభమో చూడండి. కాన్పు నొప్పుల పురోగతిని గీసే ఆ చార్టులో గర్భాశయ ముఖద్వారం 4 సెంటీమీటర్లు తెరుచుకున్నప్పటి నుంచి బిడ్డ గుండె చప్పుడు, నొప్పులు, తల్లి నాడి అరగంటకోసారి రాయాలి. బీపీ, ఉష్ణోగ్రత, లోపలి పరీక్ష నాలుగు గంటలకోసారి. ఎనిమిది గంటల కాన్పుకు గుండె చప్పుడే 16 సార్లు వినాలి. ఒకే సమయంలో ఇద్దరు గర్భిణులు నొప్పుల్లో ఉండి, పక్క వార్డులో సెలైన్ ఎక్కుతున్న జ్వరం రోగి ఉంటే ఆ చార్టు కాన్పయ్యాక తీరిక దొరికినప్పుడు నిండుతుంది. గీతలన్నీ హెచ్చరిక గీత పక్కనే అందంగా ఎక్కుతాయి. తనిఖీకి వచ్చినవారు ‘పార్టోగ్రాఫ్ పెట్టారు’ అని టిక్కు కొట్టి వెళ్తారు. ఈ చార్టు అసలు పుట్టిందే నర్సు చేతికి ఒక నిర్ణయం ఇవ్వడానికి. గీత హెచ్చరిక గీతను దాటితే పెద్దాసుపత్రికి పంపే ఏర్పాట్లు మొదలుపెట్టాలి. పంపే అధికారం నర్సుకు లేనప్పుడు ఆ చార్టును సకాలంలో గీయడానికి ఆమెకు కారణమేదీ మిగలదు.

కాన్పు తర్వాతి రక్తస్రావం సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లి కండరానికి, గర్భాశయాన్ని గట్టిపరిచే మందు ఆక్సిటోసిన్ 10 యూనిట్లు ఇవ్వాలి. మన దగ్గర సాధారణంగా దొరికేది 5 యూనిట్ల ఆంపూల్ (చిన్న గాజు సీసా), కాబట్టి రెండు పగలగొట్టి సిరంజిలో సిద్ధంగా పెట్టుకోవాలి. బిడ్డ బయటికి వచ్చాక వెతికితే నిమిషం దాటిపోతుంది. ఆ మందు 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి. టీకాలు దాచే ప్రత్యేక ఫ్రిజ్‌లో (ఐఎల్‌ఆర్) వేరే మందులు పెట్టకూడదన్న నియమం ఉంది, కాబట్టి ప్రసూతి గదికి ఒక చిన్న ఫ్రిజ్, అందులో ఒక థర్మామీటర్ కావాలి. అవి లేని చోట ట్రేలో ఎండకాలమంతా పడి ఉన్న ఆంపూల్‌నే ఇస్తారు. రిజిస్టర్‌లో ‘ఆక్సిటోసిన్ ఇచ్చాం’ అని ఉంటుంది, గర్భాశయం మాత్రం గట్టిపడదు.

2023లో వెలువడిన ఈ-మోటివ్ అధ్యయనం ఈ విషయంలో కళ్లు తెరిపించింది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రులు, రెండు లక్షలకు పైగా కాన్పులు. తల్లి కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచిని పరిచి రక్తాన్ని కంటి అంచనాతో కాకుండా మిల్లీలీటర్లలో చూశారు. 500 మిల్లీలీటర్లు దాటినా, 300 దాటి నాడి, బీపీ వంటివి తేడాగా కనిపించినా వెంటనే గర్భాశయం మర్దన, ఆక్సిటోసిన్ వంటి మందు, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం, సెలైన్, పరీక్ష అన్నీ ఒకేసారి మొదలుపెట్టే అధికారాన్ని గదిలో ఉన్నవారికే ఇచ్చారు. ఒకటి ఇచ్చి ఆగి, పని చేయకపోతే మరొకటి అన్న పాత పద్ధతిని పక్కన పెట్టారు. రక్తస్రావాన్ని గుర్తించడం మామూలు పద్ధతి పాటించిన ఆసుపత్రుల్లో 51 శాతం ఉంటే వీటిలో 93 శాతానికి చేరింది. మొత్తం చికిత్స అందడం అక్కడ 19 శాతం, ఇక్కడ 91 శాతం. తీవ్ర రక్తస్రావం, దానివల్ల ఆపరేషన్, మరణం కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. అధికారం ఇచ్చి ఊరుకోలేదన్నది గమనించాలి. ప్రతి ఆసుపత్రిలో ఒకరిద్దరిని ముందుండి నడిపేవారిగా ఎంచుకున్నారు, సామగ్రి అంతా ఒక ట్రాలీలో పెట్టారు, ఎంతమందిని గుర్తించారు, ఎంతమందికి చికిత్స మొత్తం అందింది అన్న అంకెలను క్రమం తప్పకుండా ఆ సిబ్బందికే చూపించారు. అధికారం, సామగ్రి, కొలత ఒకే గదిలో ఉన్నాయి.

మన నియమాలు కూడా నర్సుకు, ఏఎన్‌ఎంకు కొంత అధికారం ఇచ్చాయి. అది ప్రసూతి గదిదాకా చేరకపోవడమే సమస్య. కాన్పులు చేసే నర్సులు, ఏఎన్‌ఎంల కోసం 2010లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం తీవ్రమైన బీపీతో ఫిట్స్ వచ్చిన గర్భిణికి పెద్దాసుపత్రికి పంపేముందు మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు వీళ్లే ఇవ్వవచ్చు. పిరుదుకు 5 గ్రాముల చొప్పున రెండు వైపులా మొత్తం 10 గ్రాములు, కండరంలోకి లోతుగా. మార్కెట్లో దొరికే 50 శాతం ద్రావణం 2 మిల్లీలీటర్ల ఆంపూల్‌లో ఉండేది ఒక గ్రాము. అంటే ఒక్క తల్లికి పది ఆంపూళ్లు కావాలి. ట్రేలో రెండో మూడో పెట్టి ‘అందుబాటులో ఉంది’ అని లెక్క రాసే ఆసుపత్రులకు లోటు లేదు. అధికారం ఉందా లేదా అన్నది జీవోలో తేలదు, పది ఆంపూళ్లు ఒకేచోట ఉన్నాయా, ఆ పక్కనే విరుగుడైన 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ ఉందా, రాత్రి డ్యూటీ నర్సు గతంలో ఒక్కసారైనా ఆ సూది బొమ్మ మీదైనా వేసిందా అన్న దగ్గర తేలుతుంది. పైన డాక్టర్ ‘నన్ను అడగకుండా ఎందుకు ఇచ్చావు’ అని ఒక్కసారి కసిరితే ఆ నర్సు మరెప్పుడూ తనంతట తాను ఇవ్వదు. చుట్టుపక్కల నాలుగు కేంద్రాల నర్సులకు కూడా ఆ కబురు చేరిపోతుంది.

రిఫరల్, అంటే తల్లిని పెద్దాసుపత్రికి పంపే విషయంలో నర్సులది ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాన్పుల సంఖ్య తగ్గితే సమీక్షలో నిలబెట్టి అడుగుతారు, కాబట్టి తేలిగ్గా పంపలేరు. పంపకుండా ఆపితే, ఏదైనా జరిగితే, బాధ్యత వాళ్లదే. పంపినా అక్కడ ‘ఇంత ఆలస్యంగానా తెచ్చేది’ అని బంధువుల ముందే అంటారు. జిల్లా ఆసుపత్రి నుంచి ఆ కేసు చివరికి ఏమైందన్న చీటీ తిరిగి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రాదు. తాను తీసుకున్న నిర్ణయం సరైనదో కాదో తెలియని మనిషి రెండోసారి మెరుగైన నిర్ణయం ఎలా తీసుకుంటుంది?

అధికారం ఇస్తే దుర్వినియోగం కాదా అని అధికారులు అడుగుతారు. అవుతుంది. నొప్పులు త్వరగా రావాలని కాన్పుకు ముందే ఆక్సిటోసిన్‌ను సెలైన్‌లో కలిపి ఎక్కించడం, ఇంకా ఘోరంగా కండరానికి పొడిచేయడం మన దేశంలో బాగా ఎరిగిన చెడు అలవాటు. దాంతో బిడ్డకు ఊపిరాడదు, గర్భాశయం చిరిగే ప్రమాదం ఉంది. దీన్ని పట్టుకోవడానికి కెమెరా అక్కర్లేదు. ఆ నెలలో వాడిన ఆంపూళ్లను కాన్పుల సంఖ్యతో పోల్చండి. కాన్పుకు రెండు చొప్పున 40 కాన్పులకు 80, రక్తస్రావం అయిన తల్లులకు ఇచ్చినవి అదనంగా కేస్‌షీట్లలో ఉంటాయి. ఫ్రిజ్ రిజిస్టర్ 150 చూపిస్తుంటే మిగతావి ఎక్కడికి వెళ్లాయో అక్కడ కూర్చున్న నాలుగు నిమిషాల్లో అడగవచ్చు. పర్యవేక్షణ అంటే ఇది. ఇలాంటి లెక్క పట్టుకోవాలంటే ఆ గది పని తెలిసినవాళ్లు కావాలి. హాజరు యాప్‌కు అది కనిపించదు.

రికార్డుల నిజాయితీని కూడా ఇలాగే అంకెలతో కనిపెట్టవచ్చు. బిడ్డ బరువు 2.5 కిలోల కంటే తక్కువైతే తక్కువ బరువు కింద లెక్క. డిజిటల్ కాటా 10 గ్రాముల తేడా కూడా చూపిస్తుంది. అయినా వందమంది శిశువుల్లో ముప్ఫై మంది కచ్చితంగా 2.500 కిలోలు అని రిజిస్టర్ చెబుతుంటే అక్కడ కాటా వాడడం లేదు, లేదా తక్కువ బరువు రాస్తే పడే ప్రశ్నలకు భయపడుతున్నారు. బీపీ కూడా అంతే. పాదరసం లేదా డయల్ యంత్రంతో 2 మిల్లీమీటర్ల చొప్పున నిజంగా చదివితే చివరి అంకె 0, 2, 4, 6, 8ల్లో ఏదైనా రావచ్చు, కాబట్టి సున్నాలు ఐదో వంతు దగ్గర ఉండాలి. 110/70, 120/80 తప్ప మరొకటి కనిపించని గర్భిణుల రిజిస్టర్‌లో బీపీ కొలిచినట్టు నమ్మలేం. దీనికి నర్సును శిక్షిస్తే వచ్చే నెల నుంచి 112, 118 అని రాస్తారు, అంతే. ముందు అడగాల్సింది కఫ్ లీకవుతోందా, బ్యాటరీ ఉందా, 80 మంది గర్భిణులను ఒక్క పూటలో చూడమంటే కొలిచే తీరిక ఉందా అని.

సంఖ్యలకు డబ్బు ముడిపెట్టినప్పుడు ఈ జబ్బు ముదురుతుంది. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలుగా మారిన ఉపకేంద్రాల్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌కు కేంద్ర మార్గదర్శకాల ప్రకారం నెలకు 25,000 రూపాయల వేతనం, దాని మీద పనితీరును బట్టి 15,000 వరకు ప్రోత్సాహకం. పదిహేను సూచికలు, వాటి అంకెలు చాలావరకు పోర్టల్‌లో ఎక్కించేది ఆ ఉద్యోగే. సరిచూసేది మెడికల్ ఆఫీసర్. మైదాన ప్రాంతంలో 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 5,000కు ఒక ఉపకేంద్రం అన్న కొలతను పాటిస్తే ఆ డాక్టర్ ఓపీ చూసుకుంటూ ఆరు ఉపకేంద్రాల అంకెలను సరిచూడాలి. సంతకం పెట్టడం తప్ప వేరే దారి ఉండదు. ప్రోత్సాహకం వద్దని నేను అనను, ఆ డబ్బు వాళ్లకు అవసరం. అది సొంతంగా నమోదు చేసుకున్న సంఖ్యల మీద కాకుండా, నెలకు ఓ పదిమంది లబ్ధిదారులకు ఫోన్ చేసో ఇంటికి వెళ్లో సరిచూసిన దాని మీద ఇవ్వండి. ఎవరికి ఫోన్ చేయాలో చీటీ తీసి ఎంచుకోండి. షుగర్ మాత్రలు నెల నెలా అందుతున్నాయా అన్న ఒక్క ప్రశ్న చాలు, పోర్టల్‌లో ఉన్న సగం మాట తేలిపోతుంది.

డబ్బు ప్రస్తావన వచ్చింది కాబట్టి అన్‌టైడ్ నిధుల గురించి చెప్పాలి. జాతీయ ఆరోగ్య మిషన్ కింద ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఏడాదికి 1.75 లక్షల రూపాయల వరకు, సామాజిక ఆరోగ్య కేంద్రానికి 5 లక్షల వరకు ఇచ్చే వీలుంది. చెడిపోయిన ట్యాప్, కాలిపోయిన బల్బు, ఫ్రిజ్ థర్మామీటర్, బీపీ కఫ్ వంటివి పై అనుమతి కోసం ఆగకుండా కొనుక్కోవడానికే ఆ నిధి. ఆచరణలో ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశమై తీర్మానం చేయాలి, మూడు కొటేషన్లు, రెండు సంతకాలు, ఆపై ఏడాది చివర ఆడిట్ అభ్యంతరం. రూ. 400 కఫ్ కోసం ఇంత తలనొప్పి ఎవరు పెట్టుకుంటారు? మార్చి వచ్చేసరికి డబ్బు ఖాతాలో మిగిలి ఉంటుంది, లేదా చివరి వారంలో కుర్చీలు కొంటారు. నా సూచన: ప్రసూతి గది ఇన్‌చార్జి నర్సుకు నెలకు 2,000 రూపాయల దాకా తన సంతకంతో ఖర్చు పెట్టే అధికారం సంఘం ముందే ఇచ్చేయాలి. రసీదులు ఒక కవరులో పెట్టి నెల చివర సమావేశంలో చూపితే చాలు. కొన్న వస్తువు గదిలో ఉందా లేదా చూడడమే దానికి ఆడిట్.

తప్పు జరిగినప్పుడు మనం చేసేదాన్ని బట్టి మిగతా అంతా నిలుస్తుంది, కూలుతుంది. 2018–20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు దేశంలో 97 మంది తల్లులు చనిపోతుంటే తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఇది కిందిస్థాయి సిబ్బంది కష్టం, దాన్ని తక్కువ చేయను. కేరళలో ఆ సంఖ్య 19. అక్కడ ప్రసూతి వైద్యుల సమాఖ్య 2004 నుంచి ప్రతి మాతృ మరణాన్నీ రహస్య సమీక్ష చేస్తోంది. కేస్‌షీట్ నుంచి తల్లి పేరు, ఆసుపత్రి పేరు, వైద్యుల పేర్లు తొలగించి నిపుణులు చదువుతారు. ఎవరిని శిక్షించాలన్న ప్రశ్నే అక్కడ లేదు, ఎక్కడ ఏ పని జరిగి ఉంటే ప్రాణం నిలిచేది అన్నదే చూస్తారు. కేరళకు చదువు, రోడ్లు, దగ్గర్లో ఆసుపత్రులు కూడా ఉన్నాయి, అంతా ఈ సమీక్ష వల్లే అనడం అతి అవుతుంది. అయినా అక్కడి వైద్యులు తమ లోపాలను తామే రాసుకోగలిగారంటే ఆ రక్షణ ఉండబట్టే.

మన జాతీయ మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతున్నాయి. కాన్పు సమయంలోనో, గర్భంతో ఉండగానో, గర్భం ముగిసిన 42 రోజుల్లోపో మరణం జరిగితే 24 గంటల్లో సమాచారం ఇవ్వాలి, ఇంటికి వెళ్లి కుటుంబాన్ని అడిగి వివరాలు రాయాలి, జిల్లా కమిటీ, కలెక్టర్ సమీక్షించాలి. పేరు వద్దు, నింద వద్దు అన్నది దాని మూల సూత్రం. ఆ సూత్రం మీటింగ్ హాలు తలుపు దగ్గరే ఆగిపోవడం చాలా జిల్లాల్లో చూస్తాం. ఆశా, ఏఎన్‌ఎం, నర్సు, మెడికల్ ఆఫీసర్‌లను వరుసగా నిలబెట్టి, అందరి ముందూ ప్రశ్నించి, చివర ఒకరి మీద చర్య తీసుకుంటే సమీక్ష పూర్తయినట్టే. మరుసటి రోజు నుంచి మిగతా కేస్‌షీట్లలో సమయాలు సరిపోయేలా మారిపోతాయి. రక్తం సంచి ఆలస్యం అయింది, 108 బండికి డీజిల్ లేదు, జిల్లా ఆసుపత్రిలో మత్తు ఇచ్చే డాక్టర్ సెలవులో ఉన్నారు అన్న నిజాలు రాసేవాళ్లు ఉండరు. రాయకపోతే అవి మారవు. నిర్లక్ష్యం, మద్యం సేవించి రావడం, లంచం అడగడం వంటివాటికి క్రమశిక్షణ చర్య తప్పకుండా ఉండాలి. దానికి వేరే ఫైలు, వేరే అధికారి ఉండాలి. మరణ సమీక్షలో చెప్పిన మాట ఆ ఫైలులోకి వెళ్లకూడదు.

చెక్‌లిస్టులు చేతికిస్తే చాలుననుకోవడమూ పొరపాటే. ఉత్తరప్రదేశ్‌లో 120 ఆసుపత్రుల్లో, లక్షన్నరకు పైగా కాన్పుల మీద, సురక్షిత కాన్పు చెక్‌లిస్టుతో ఒక పెద్ద ప్రయోగం చేసి 2017లో ఫలితం ప్రకటించారు. సిబ్బంది పక్కన నిలబడి నేర్పించే కోచ్‌లు వెళ్లినప్పుడు సరైన పద్ధతులు పాటించడం 73 శాతానికి చేరింది, పోలిక కోసం తీసుకున్న ఆసుపత్రుల్లో అది 42. ఏడాది తర్వాత, కోచింగ్ ముగిశాక, 62కు జారింది. తల్లీబిడ్డల మరణాల్లో, తీవ్ర సమస్యల్లో తేడా రాలేదు. నా దృష్టిలో ఇందులో పాఠం ఉంది. పద్ధతి మార్చుకోవడం నర్సు చేతిలో ఉంది, మార్చుకుంది కూడా. రక్తం తెప్పించడం, మత్తు డాక్టర్‌ను రప్పించడం, పెద్దాసుపత్రిలో పడక ఖాయం చేయడం ఆమె చేతిలో లేవు. చేతిలో ఉన్నదాన్ని మాత్రమే బాగుచేసినప్పుడు ప్రాణాలు నిలిచే సంఖ్య మారదు. ఆఫ్రికా ప్రయోగంలో చికిత్స మొత్తం అదే గదిలో సిబ్బంది చేతికి అందింది, సంఖ్య మారింది.

మిడ్‌వైఫ్‌ల విషయం తెలంగాణ పాఠకులు ప్రత్యేకంగా గమనించాలి. 2017లో కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. 2018 డిసెంబరులో కేంద్రం దేశవ్యాప్త మార్గదర్శకాలు తెచ్చింది. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, దేశంలో 21.5, ఆంధ్రప్రదేశ్‌లో 42.4. మామూలు కాన్పులను సొంతంగా నడిపే మిడ్‌వైఫ్ ఈ రాష్ట్రానికి ఎంత అవసరమో ఈ అంకెలే చెబుతున్నాయి. అయితే ఆమె పనిని ఆసుపత్రి మొత్తం సిజేరియన్ శాతంతో కొలిస్తే అన్యాయం. పెద్దాసుపత్రికి పాత సిజేరియన్ తల్లులు, ఎదురుకాళ్ల బిడ్డలు, కవలలు ఎక్కువగా వస్తారు. రాబ్సన్ వర్గీకరణ తల్లులందరినీ పది గుంపులుగా విడదీస్తుంది. మొదటి గుంపు: తొలి కాన్పు, ఒకే బిడ్డ, తల కిందికి ఉండి, నెలలు నిండాక, నొప్పులు తమంతట తాము వచ్చినవారు. ఈ గుంపులో సిజేరియన్లు ఎన్ని అన్నదే మిడ్‌వైఫ్ పనికి అసలైన అద్దం. ఐదో గుంపు, అంటే గతంలో సిజేరియన్ అయినవారు, ఈ ఏడాది పెద్దదిగా ఉంటే అది గతంలో మొదటి గుంపులో చేసిన కోతల ఫలితం. నెలకో పేజీ చాలు ఈ పట్టికకు. శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌ను సిబ్బంది చాలలేదని జనరల్ వార్డుకు మారిస్తే మాత్రం ఏ పట్టికా ఉపయోగపడదు.

మంచి నమూనాలు మన వ్యవస్థలోనే ఉన్నాయి. ఆసుపత్రుల పరిశుభ్రత కోసం 2015లో మొదలైన కాయకల్ప్‌లో ముందు ఆసుపత్రి తనను తాను అంచనా వేసుకుంటుంది, తర్వాత సాటి ఆసుపత్రి బృందం వస్తుంది, చివర బయటి బృందం. జాతీయ నాణ్యత ప్రమాణాల పరీక్షలో ప్రతి అంశానికీ 0, 1, 2 మార్కులు, అర్హతకు 70 శాతం. కళ్లతో చూడడం, సిబ్బందిని అడగడం, రికార్డు చదవడం, రోగిని అడగడం అన్న నాలుగు దారుల్లో నిజం తేల్చాలి. 2017 డిసెంబరులో వచ్చిన లక్ష్య కార్యక్రమంలో ప్రసూతి గది సిబ్బంది చిన్న బృందంగా ఏర్పడి రెండేసి నెలల చొప్పున ఒక్కో సమస్యను పట్టుకుని సరిదిద్దాలి. సర్టిఫికెట్ వచ్చే వారం ముందు గోడలకు రంగులు వేసి, ఫైళ్లు ఒక్కసారిగా నింపి, సర్టిఫికెట్ వచ్చాక బృందం కలవడం మానేసినప్పుడు ఇవి కూడా పాడవుతాయి. సాటి ఆసుపత్రి అంచనాను మూడు నెలలకోసారి, ముందు తేదీ చెప్పకుండా చేయిస్తే అది జరగదు. పక్క మండలం నర్సు వచ్చి కేస్‌షీట్ తిప్పితే కాన్పయ్యాక గీసిన పార్టోగ్రాఫ్‌ను ఇట్టే కనిపెడుతుంది, ఆమె కూడా అదే పని చేస్తోంది కాబట్టి. జిల్లా అధికారి అదే కాగితాన్ని చూసి సంతృప్తి పడవచ్చు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆరోగ్య శాఖలకు నేను కోరేది ఇది. ప్రతి కాన్పు కేంద్రంలో గోడ మీద ఒక పేజీ ఉత్తర్వు ఉండాలి, మెడికల్ ఆఫీసర్, జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌వో) సంతకాలతో. ఏ లక్షణం కనిపిస్తే నర్సు ఎవరినీ అడగకుండా ఏ మందు ఎంత ఇవ్వాలో, ఎప్పుడు 108ను పిలవాలో తెలుగులో రాసి ఉండాలి. డాక్టర్‌కు ఫోన్ మందు ఇచ్చాక చేస్తే సరిపోతుంది. అత్యవసర ట్రే తాళం డ్యూటీ నర్సు దగ్గరే ఉండాలి, షిఫ్టు మారేటప్పుడు ఆంపూళ్లు లెక్కపెట్టి ఇద్దరూ సంతకం చేయాలి. నెలకోసారి పావుగంట మాక్ డ్రిల్ పెట్టి, పిలుపు నుంచి మొదటి సూది వరకు ఎన్ని నిమిషాలు పట్టిందో బోర్డు మీద రాయాలి. నెలవారీ సమీక్షలో కాన్పుల సంఖ్యకు ముందు నాలుగు అంకెలు అడగండి: నిమిషంలోపు ఆక్సిటోసిన్ అందినవారు ఎందరు, రక్తాన్ని కొలిచింది ఎందరికి, పంపాలని నిర్ణయించాక బండి బయల్దేరడానికి పట్టిన సమయం, పంపినవారిలో చివరి ఫలితం తిరిగి తెలిసినవారు ఎందరు. మొదటి మూడూ నర్సు బాధ్యత. నాలుగోది జిల్లా ఆసుపత్రి సూపరింటెండెంట్ బాధ్యత, ఆయన్ను కూడా అదే సమావేశంలో అదే వరుసలో కూర్చోబెట్టి అడగాలి.

మరణ సమీక్ష కమిటీ గుర్తించిన లోపాలు, వాటిని ఎవరు ఏ తేదీలోగా సరిచేస్తారన్న రెండు పేజీల కాగితం, పేర్లు తీసేసి, 15 రోజుల్లో ఆ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ప్రసూతి గదికి తిరిగి చేరాలి. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. వచ్చే నెల సమీక్ష నుంచే మొదలుపెట్టవచ్చు.

భవదీయురాలు,
ప్రసూతి సేవల నాణ్యత శిక్షకురాలు,
హనుమకొండ.